పర్చూరు సర్వరు

నాగజ్యోతికి బస్సులంటే పడదు. గుంటూరు హెడ్డాఫీసులో కంప్యూటర్ల ఉద్యోగమని చేరితే, చేరిన మర్నాటి నుంచీ అది బస్సుల ఉద్యోగమైంది. కంపెనీకి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తొమ్మిది కోల్డ్ స్టోరేజీలున్నాయి. రైతులు మిరపకాయల బస్తాలు, వాళ్ళ మాటలో టిక్కీలు, తెచ్చి అక్కడి చల్లగదుల్లో పెట్టుకుంటారు, గుంటూరు మిర్చి యార్డులో రేటు బాగున్నప్పుడు తీసుకెళ్ళి అమ్ముకుంటారు. ఎవరి టిక్కీలు ఏ గదిలో, ఏ అంతస్తులో, ఏ వరసలో ఉన్నాయో చెప్పే డేటాబేస్ సర్వరు ప్రతి స్టోరేజీలోనూ ఒకటుంది. వాటిలో ఏ చిన్న సెట్టింగు మార్చాలన్నా నాగజ్యోతి తొమ్మిది ఊళ్ళు తిరగాలి. రెండు వేల అయిదు వేసవి వచ్చేసరికి ఆమెకి విసుగెత్తిపోయింది.

ఆ విసుగులోంచే పనికొచ్చే ఆలోచన ఒకటి పుట్టింది. అన్ని స్టోరేజీలకీ ఫోను లైన్లున్నాయి, వాటికి కంప్యూటర్లని కలిపే మోడెములు పెట్టించారు. చేయాల్సిన మార్పులన్నీ ఒక స్క్రిప్టుగా రాస్తే, అది గుంటూరు నుంచే ఒక్కో సర్వరుకి ఫోను కలుపుకుని, మార్పు చేసి, తర్వాతి దానికి వెళ్ళిపోతుంది. నాగజ్యోతి కుర్చీలోంచి లేవనక్కర్లేదు. మేనేజరు కోటేష్ గారు ఈ మాట విని ఎంత సంబరపడ్డాడంటే, అదేదో తన బుర్రలోంచి వచ్చిన ఆలోచన అన్నట్టు ఓనరు గారికి చెప్పుకున్నాడు.

"అన్ని చోట్లా ఒకేలా ఉండాలమ్మా. బ్యాకప్ కూడా ఒకే టైముకి. మధ్యాహ్నం రెండింటికి పెట్టు, అప్పుడు అందరూ భోజనాల్లో ఉంటారు," అన్నాడాయన.

బ్యాకప్ అంటే సర్వరు తనలో ఉన్నదంతా రోజుకొకసారి వేరే చోట కాపీ చేసి పెట్టుకోవడం. సర్వరు పాడైతే ఆ కాపీయే దిక్కు.

ఇంతవరకూ ఎవరినీ తప్పు పట్టేదేం లేదు.

నాగజ్యోతి జాగ్రత్త గల పిల్ల. స్క్రిప్టు ఏదైనా మార్చేముందు పాత సెట్టింగు ఏముందో తెరమీద చూపించి, మార్చనా అని అడిగేలా రాసింది. ఏప్రిల్ నెలలో ఒక శుక్రవారం దాన్ని నడిపింది. ఎనిమిది చోట్ల బ్యాకప్ టైము సాయంత్రం ఆరు అని ఉంది, అది ఆమె మొదట్లో తన చేత్తో పెట్టిందే. పర్చూరులో మాత్రం ఉదయం పదకొండుంపావు అని ఉంది. అంటే ఎవరో మార్చారు. ఎవరో ఏమిటి, పర్చూరులో ఆపరేటరు ఒక్కతే. చాంద్‌బీ.

చాంద్‌బీకి నలభై అయిదేళ్ళుంటాయి. భర్త జాన్ బాషాకి వేటపాలెంలో జీడిపప్పు కంపెనీలో పని. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక చీరాలలో కంప్యూటరు నేర్చుకుని, రోజూ వేటపాలెం నుంచి పర్చూరు వచ్చి పోయేది. రైతులకి ఆమె అంటే గురి. గేటు దగ్గరే "చాంద్‌బీ అక్క ఉందా" అని అడుగుతూ లోపలికి వచ్చేవాళ్ళు.

ఆ పేరు తలుచుకోగానే నాగజ్యోతికి సంక్రాంతి తర్వాత జరిగిన మీటింగు గుర్తొచ్చింది. తొమ్మిది మంది ఆపరేటర్లూ గుంటూరు వచ్చారు. ఏమైనా ఇబ్బందులున్నాయా అని కోటేష్ గారు అడిగితే చాంద్‌బీ లేచి, "జ్యోతమ్మ మంచి పిల్లేనండీ, బాగా చదువుకుంది. కాకపోతే ఏదన్నా మార్చేటప్పుడు మమ్మల్నో మాట అడిగితే బాగుంటది," అంది. అందరూ నవ్వారు. చాంద్‌బీ కూడా నవ్వింది, ఆమె మనసులో ఏమీ లేదు. నాగజ్యోతి మాత్రం ఆ నవ్వు మర్చిపోలేదు.

ఇప్పుడు పదకొండుంపావు కనబడగానే ఆమెకి ఒళ్ళు మండింది. 'ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చుకుంటే ఇంక హెడ్డాఫీసు దేనికి' అనుకుంది. ఫోను టేబుల్ మీదే ఉంది. చెయ్యి చాచి పర్చూరు నెంబరు తిప్పితే, ఎందుకు మార్చారక్కా అని అడిగితే, అయిపోయేది. కానీ అడగడమంటే ఆ రోజు మీటింగులో ఆమె అన్నది నిజమని ఒప్పుకున్నట్టు ఉంటుంది. నాగజ్యోతి ఫోను ముట్టుకోలేదు, కీబోర్డు మీద మీట నొక్కింది.

తొమ్మిదీ పూర్తయ్యాయని తెరమీద వచ్చింది. టైము మార్చినట్టు ఆపరేటర్లకి ఎవరూ చెప్పలేదు. కోటేష్ గారు స్వీట్లు తెప్పించాడు.

పర్చూరు స్టోరేజీ పాత కట్టడం. అక్కడ జనరేటరు చల్లగదుల కంప్రెసర్లకే బొటాబొటిగా సరిపోతుంది, ఆఫీసుకి కనెక్షన్ లేదు. వేసవిలో ఆ కరెంటు లైనుకి పన్నెండింటి నుంచి నాలుగింటిదాకా కరెంటు కోత. అందుకని చాంద్‌బీ పన్నెండు కాకముందే సర్వరుని పద్ధతిగా ఆపేసి, కరెంటు వచ్చాక మళ్ళీ ఆన్ చేసేది. కోత వేళ మారినప్పుడల్లా బ్యాకప్ టైము దానికి ముందుకి జరుపుకునేది. నాగజ్యోతి పర్చూరు వెళ్ళిందల్లా చలికాలంలో, కోతలు లేనప్పుడు. కాబట్టి ఇదేదీ ఆమె కంట పడలేదు.

స్క్రిప్టు నడిచిన రోజు నుంచీ పర్చూరులో బ్యాకప్ జరగాల్సిన రెండు గంటలకి సర్వరు ఆగిపోయి ఉండేది. ఒక్క రోజు కూడా బ్యాకప్ జరగలేదు.

చాంద్‌బీ ప్రతి శనివారం బ్యాకప్ ఫైలుని సీడీలోకి ఎక్కించి బీరువాలో పెట్టేది. ఫైలు ఉన్న చోటే ఉంది, పేరు అదే. లోపలున్నది ఏప్రిల్ నాటిదని ఆమె చూడలేదు. రోజూ ఇంటికి తాళం వేసి వెళ్ళేవాళ్ళు తాళం లాగి చూస్తారు గానీ, అది నిన్నటి తాళమేనా అని చూస్తారా?

మే నెలలో మిర్చి యార్డుకి సెలవులిచ్చారు. ఆ సెలవుల్లోనే పర్చూరులో రెండు గదులకి రిపేర్లు పెట్టుకుని, అందులో ఉన్న టిక్కీలన్నీ మిగతా గదుల్లోకి సర్దారు. హమాలీలు మోస్తుంటే చాంద్‌బీ పక్కన నిలబడి ఏది ఎక్కడికి పోయిందో కంప్యూటర్లోకి ఎక్కించింది. ఆ పని ముగిసిన వారానికి, కోత అయ్యాక కరెంటు ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజితో వచ్చి సర్వరు డిస్కు కాలిపోయింది. బీరువాలోంచి సీడీ తీసి కొత్త డిస్కులో ఎక్కిస్తే, అది టిక్కీలు సర్దక ముందు నాటి సంగతులు చెప్పింది. అందులో ఉన్న చోట్లన్నీ తప్పే.

యార్డు తెరిచారు. రేటు బాగుందని తెలిసి రైతులు ట్రాక్టర్లు వేసుకుని వచ్చారు. ఎవరి సరుకు ఎక్కడుందో చెప్పేవాళ్ళు లేరు. టిక్కీల మీద మార్కులుంటాయి, కానీ పైనున్నవి దించితే గానీ కిందవీ వెనకవీ కనబడవు. గేటు దగ్గర కేకలు మొదలయ్యాయి.

"మా సరుకేది? ఆమెను పిలవండి బయటికి," అని పిచ్చమ్మ అనే రైతు భార్య గేటు పట్టుకుని అరిచింది. ఆమె, భర్త పేరయ్య కలిసి రెండెకరాలు కౌలుకి చేస్తారు. చాంద్‌బీ బయటికి రాగానే, "అక్కా అక్కా అని నిన్ను నమ్మినందుకు మా నోట్లో మన్ను కొట్టావు గదే" అంది. ఆ తర్వాత ఇంకా చాలా అంది. చాంద్‌బీ తలొంచుకుని అన్నీ విన్నది.

హెడ్డాఫీసు నుంచి నాగజ్యోతిని పంపించారు. పర్చూరులో దిగి చాంద్‌బీని కోత టైము అడగ్గానే, పదకొండుంపావు ఎందుకు పెట్టుకుందో అర్థమైంది. ఆ సంగతి చాంద్‌బీకి చెప్పలేదు. 'ఆమె కూడా ఫైలు తేదీ చూసుకోలేదు కదా' అని తనకి తాను చెప్పుకుంది. ఆ మాట కాసేపు పనిచేసింది, తర్వాత పనిచేయలేదు.

ఇద్దరూ రోజూ చల్లగదుల్లోకి వెళ్ళేవాళ్ళు. హమాలీలు టిక్కీలు దించుతుంటే చాంద్‌బీ టార్చి వేసి మార్కు చదివేది, నాగజ్యోతి రాసుకునేది. లోపల చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి, మిరప ఘాటుకి కళ్ళూ ముక్కూ కారేవి. చాంద్‌బీ తన భర్త పాత స్వెట్టరు వేసుకుని, కొంగు నెత్తి మీదికి బిగించి, గొంతు పోయేదాకా మార్కులు చదివింది.

ఒక రోజు హమాలీలు టీకి వెళ్ళినప్పుడు ఆమె టిక్కీల మీద కూర్చుని అంది:

"జ్యోతమ్మా, నేనో మాట చెప్తా, ఏమనుకోమాక. కోత టైము మారినప్పుడల్లా బ్యాకప్ టైము మారుస్తానా, ఈసారి మార్చాననే అనుకున్నా. మార్చి ఉండను. లేకపోతే ఏదో తప్పు అంకె కొట్టుంటా. వయసు మీద పడతందిగా."

నాగజ్యోతి కాగితం మీద రాసుకున్న మార్కులు మళ్ళీ దిద్దుతూ కూర్చుంది.

"నువ్వు అంత కష్టపడి తొమ్మిది చోట్లా సర్వర్లు పెట్టావు. ఎనిమిది చోట్ల బాగానే ఉంది. నా దగ్గర చెడి నీకు గూడా మాటొచ్చింది. క్షమించు తల్లీ," అంది చాంద్‌బీ.

డిస్కుతో పాటు పాత సెట్టింగులూ కాలిపోయాయి. పర్చూరులో పదకొండుంపావు ఉండేదని తెలిసిన మనిషి లోకంలో ఒక్క నాగజ్యోతే. ఆమె ఇప్పుడు చెప్పొచ్చు. ఎదురుగా మనిషి ఉంది, గదిలో ఇంకెవరూ లేరు. "అయ్యో, అదేంటక్కా" అని మాత్రం అనగలిగింది. అని, ఆ పలుకు తన నోట్లోంచే వచ్చిందని తెలిసి తనమీద తనకే అసహ్యం పుట్టింది.

టిక్కీలన్నీ దొరికేసరికి యార్డులో రేటు దిగిపోయింది. పని పూర్తయిన మర్నాడు చాంద్‌బీని తీసేశారు. నాగజ్యోతి గుంటూరు వచ్చేసింది. అన్నం తింటుంటే మిరప ఘాటు గొంతులో అడ్డం పడ్డట్టు ఉండేది, నీళ్ళు తాగినా పోయేది కాదు.

తర్వాత పర్చూరు నుంచి సుభానీ అనే గుమాస్తా ఏదో పనిమీద హెడ్డాఫీసుకి వచ్చాడు. మాటల మధ్యలో చెప్పాడు:

"చాంద్‌బీ అక్కను చూస్తే కడుపు తరుక్కుపోతందండీ. ఉద్యోగం పోతే పోయింది, ఇంట్లో కూర్చోవచ్చుగా? సరుకు దొరక్క నష్టపోయినోళ్ళ ఇళ్ళకి ఒక్కో ఇంటికీ పోయింది. నా వల్ల జరిగింది, మనసులో పెట్టుకోవద్దని చేతులు పట్టుకుందంట. కొందరు పోనీలే అన్నారు. కొందరు గడప గూడా ఎక్కనీయలేదు."

నాగజ్యోతి లేచి తిన్నగా కోటేష్ గారి గదిలోకి వెళ్ళింది. నిలబడే అంతా చెప్పింది. పదకొండుంపావు చూశాననీ, ఫోను చేయాలని తెలిసీ చేయలేదనీ, ఎందుకు చేయలేదో కూడా చెప్పింది.

ఆయన తలుపు మూయించాడు.

"ఇది ఇంకెవరితో అన్నావు?"

"ఎవరితో అనలేదండీ."

"అనకు. ఆపరేటరు తప్పంటే, ఆపరేటర్ని తీసేశాం అని రైతులకి చెప్పుకోవచ్చు. హెడ్డాఫీసు తప్పంటే వాళ్ళు ఊరుకుంటారా? రేపటేడు ఒక్క టిక్కీ అయినా మన గేటు లోపలికి వస్తుందా? చిన్నదానివి, పొరపాటు చేశావు, ఒప్పుకున్నావు. అయిపోయింది. పో, పని చూసుకో."

"మరి చాంద్‌బీ గారండీ?"

"ఆమె స్థానంలో వేరే మనిషి వచ్చేశాడు గదమ్మా," అన్నాడాయన, విసుగ్గా కాదు, నెమ్మదిగానే.

గది బయటికి రాగానే నాగజ్యోతికి ఒళ్ళు తేలికైంది. ఉద్యోగం పోలేదు. చెప్పాల్సింది చెప్పేసింది. ఆ తేలికతనంతోనే నడిచి తన కుర్చీ దగ్గరికి వచ్చింది, కూర్చుంది, టేబుల్ మీదున్న ఫోను చూసింది. ఆ రోజు ముట్టుకోని ఫోను. ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పలేదన్న సంగతి అప్పుడు తెలిసొచ్చింది. ఇందాక తేలికైనందుకు ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున రైలెక్కి వేటపాలెంలో దిగింది. జీడిగింజలు కాల్చే పొగ వాసన వీధి మొదట్లోనే తగిలింది. చాంద్‌బీ అరుగు మీద కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తోంది. ఇప్పుడు ఆమె కూడా భర్త పని చేసే చోట నుంచే పని ఇంటికి తెచ్చుకుంటోంది.

"రా జ్యోతమ్మా! ఇంత దూరం వచ్చావేంది? కూర్చో, టీ పెడతా," అంది.

"టీ వద్దక్కా. ముందు నా మాట విను. విన్నాక పెట్టాలనిపిస్తే పెట్టు."

నాగజ్యోతి చెప్పింది. దారిపొడవునా మనసులో కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు, నోటికొచ్చినట్టు చెప్పింది. చాంద్‌బీ చేతులు పొట్టు తీస్తూనే ఉన్నాయి, తర్వాత ఆగిపోయాయి.

"పదకొండుంపావే ఉందా?" అంది చివరికి.

"ఉందక్కా. నువ్వు సరిగ్గానే పెట్టావు. నేనే మార్చాను."

"అయితే నేను మర్చిపోలా."

"లేదక్కా."

చాంద్‌బీ ముఖంలో ఒక్క క్షణం వెలుగు కనబడింది. నాగజ్యోతి అది చూసి, క్షమించేసింది అనుకుంది. అంతలోనే ఆ ముఖం ఎర్రబడింది.

"మరి చలిగదిలో నేను నిన్ను క్షమించమని అడుగుతుంటే విన్నావే! ఎట్టా విన్నావే? నాకు మతిమరుపు వచ్చిందని, ఇంక ఏ పనికీ పనికిరానని రోజూ నమాజులో ఏడ్చా. మా ఆయన పప్పు తూకం చూడమంటే గూడా భయపడి చూడలా, తప్పు చూస్తానేమోనని. పద్దెనిమిది ఇళ్ళు తిరిగా! తప్పు నాదని నా నోటితో చెప్పా!"

"క్షమించక్కా."

"నువ్వు క్షమించమంటే ఇక్కడితో అయిపోద్దా? నేను ఇప్పుడు నిన్ను క్షమించా అనుకో. పేరయ్య ఇంట్లో నా పేరు ఏమైద్ది? ఆ పిచ్చమ్మ బజార్లో నన్ను చూసి మొహం తిప్పుకుంటంది. దాని కూతురి పెళ్ళికి నేను అన్నం తిన్నా. నువ్వు నాకు చెప్పుకున్నది దానికెట్టా తెలుసుద్ది?"

మేనేజరుకి చెప్పానని, ఆయన ఎవరికీ చెప్పొద్దన్నాడని నాగజ్యోతి గొణిగింది.

"ఆయనకి చెప్తే ఆయనకి తెలిసింది," అంది చాంద్‌బీ. లేచి ఒళ్ళోని పొట్టు దులుపుకుంది. "పద."

"ఎక్కడికక్కా?"

"నేను తిరిగిన ఇళ్ళకి. గుంటూరులో కూర్చుని మీట నొక్కితే తొమ్మిది ఊళ్ళూ మారిపోయినయ్యి గదా. ఇది అట్టా కాదు. ఒక్కో గడపా ఎక్కి నీ నోటితో నువ్వే చెప్పాల. ఉద్యోగం పోద్దని భయంగా ఉందా?"

"ఉంది."

"నాకూ ఉండింది," అంది చాంద్‌బీ. లోపలికి వెళ్ళి చెప్పులేసుకుని వచ్చింది. టీ సంగతి ఎత్తలేదు.

చీరాలలో బస్సు మారారు. కిటికీ బయట పత్తి కట్టె పీకేసిన నల్లరేగడి చేలు ఎండకి నెర్రెలిచ్చి ఉన్నాయి. నాగజ్యోతికి దిగి పారిపోవాలని ఉంది. పక్కన చాంద్‌బీ ఉంది, పారిపోవడానికి లేదు.

పేరయ్య ఇంటి ముందు పత్తి కట్టె మోపులు వేసి ఉన్నాయి. ఆయన మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. చాంద్‌బీని చూసి ముఖం చిట్లించాడు.

"మళ్ళీ ఏందమ్మా? ఒకసారి చెప్పావుగా."

"ఈసారి నేను చెప్పడానికి రాలా అన్నా," అని చాంద్‌బీ పక్కకి తప్పుకుంది.

నాగజ్యోతి రెండు చేతులూ కట్టుకుని నిలబడింది. స్క్రిప్టు, సర్వరు అంటే ఈయనకేం తెలుస్తుందని భయపడింది గానీ, చెప్పాల్సింది అది కాదని మొదలుపెట్టాక అర్థమైంది. పర్చూరులో పని సక్రమంగానే జరుగుతోందనీ, గుంటూరులో కూర్చుని తనే దాన్ని అడక్కుండా చెడగొట్టిందనీ, చాంద్‌బీ తప్పు లేదనీ చెప్పింది. అడక్కపోవడానికి కారణం తన పొగరేనని కూడా చెప్పింది. నిందంతా ఆమె మోస్తుంటే పక్కనే నిలబడి నోరు మూసుకున్న సంగతి కూడా దాచలేదు.

పేరయ్య చేతిలో తాడు ఆగింది. చాంద్‌బీ వంక చూశాడు, చూడలేక చూపు తిప్పుకున్నాడు. తిడతాడని నాగజ్యోతి ఎదురు చూసింది. తిడితే బాగుండనిపించింది.

ఆయన లేచి దొడ్డివైపు తిరిగి కేకేశాడు.

"పిచ్చమ్మా! ఓ పిచ్చమ్మా! పేడ చెయ్యి కడుక్కుని ఇట్టా రా!"

తర్వాత నాగజ్యోతి వైపు తిరిగాడు.

"మా ఆడమనిషి ఆ రోజు గేటు కాడ ఈమెను అనరాని మాటలంది. అది వచ్చిందాకా ఆగు. వచ్చాక మళ్ళీ మొదట్నించి చెప్పు."